నేలకు దగ్గరగా వచ్చాక విమానం ఎవరికి కనిపిస్తుంది?

2025 డిసెంబరు మొదట్లో పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు రాజ్యసభలో ఇచ్చిన లిఖితపూర్వక జవాబు చదివినప్పటి నుంచి ఈ విషయం నన్ను వదలడం లేదు. ఢిల్లీ విమానాశ్రయం పదో నంబరు రన్‌వే మీదికి జీపీఎస్ సాయంతో దిగుతున్న కొన్ని విమానాలకు తప్పుడు జీపీఎస్ సంకేతాలు తగిలాయని అందులో ఉంది. అంతకన్నా నన్ను పట్టుకున్నది తర్వాతి మాట. ఇలాంటి అంతరాయాల మీద కోల్‌కతా, అమృత్‌సర్, ముంబయి, బెంగళూరు, చెన్నైలతో పాటు హైదరాబాద్ నుంచి కూడా నివేదికలు వస్తున్నాయట.

నేను హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంటు మేడ మీద చిన్న యాంటెన్నా నిలబెట్టి, విమానాలు తాము ఎక్కడున్నామో చెబుతూ గాలిలోకి వదిలే ఏడీఎస్-బీ సంకేతాలు పట్టుకుంటూ ఉంటాను. ఆ జవాబు చదవగానే నాకు తట్టిన ప్రశ్న ఇది. ఒక విమానం తాను ఉన్నాననుకుంటున్న చోటు ఒకటి, నిజంగా ఉన్న చోటు ఇంకొకటి అయినప్పుడు, ఆ తేడాను నేల మీద నుంచి పట్టుకోగల రిసీవర్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయి? ప్రభుత్వానివి కాదు, మనలాంటి వాళ్లవి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తెలుగు రాష్ట్రాల్లో, ముఖ్యంగా చిన్న విమానాశ్రయాల చుట్టుపక్కల, ఇళ్ల మీద ఇలాంటి రిసీవర్లు ఇంకా చాలా రావాలి. వాటిలో పడిన సమాచారం ఒక్క కంపెనీ చేతిలోనే ఉండిపోకూడదు. దీన్ని కాలక్షేపంగా చూసేవాళ్లతో నాకు పేచీ లేదు. నాకూ ఇది మొదట కాలక్షేపమే. కానీ కాలక్షేపంతో ఆగిపోయే విషయం కాదని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

పుల్ల, తీగ, నాలుగు కాళ్లు

ఈ విద్య సామాన్యుడి చేతికి వచ్చింది 2012 ప్రాంతంలో. డిజిటల్ టీవీ చూడడానికి తయారుచేసిన చవక యూఎస్‌బీ పుల్లలో రియల్‌టెక్ వారి ఆర్‌టీఎల్2832యూ అనే చిప్ ఉండేది. దానికి టీవీ పని అప్పగించకుండా గాలిలో ఉన్నదాన్ని ఉన్నట్టుగా కంప్యూటర్‌కు అందించమని చెప్పవచ్చని అప్పుడు బయటపడింది. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. రెడిస్ డేటాబేస్ రాసిన సాల్వతోరె సాన్‌ఫిలిప్పో, ఈ విమాన సంకేతాలను విప్పే డంప్1090 అనే చిన్న ప్రోగ్రాము రాసి అందరికీ ఇచ్చేశాడు. ఈనాడు మనం వాడేవన్నీ చాలావరకు దాని పిల్లలూ మనవలూ.

యాంటెన్నా కొనక్కర్లేదు. విమానాలు ఈ సంకేతాలు పంపే 1090 మెగాహెర్ట్జ్‌కు తరంగం పొడవు 27 సెంటీమీటర్ల పైచిలుకు. అందులో నాలుగో వంతు, అంటే 69 మిల్లీమీటర్ల రాగితీగ ఒకటి నిలువుగా, అంతే పొడవున్న నాలుగు కాళ్లు కిందికి వాలుగా, మధ్యలో ఒక సాకెట్. టంకం వేయడం వచ్చిన ఎవరైనా ఒక మధ్యాహ్నంలో చేసుకోవచ్చు. యాంటెన్నా కన్నా తీగ దగ్గర జాగ్రత్త ముఖ్యం. మామూలు కేబుల్ టీవీ తీగను ముప్పై మీటర్లు కిందికి లాగితే అందిన శక్తిలో నాలుగింట మూడు వంతులు తీగలోనే పోతుంది. అందుకే నేను సాఫ్ట్‌వేర్ నడిపే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌ను కూడా మేడ మీదే, వాన పడని డబ్బాలో పెట్టి, కిందికి నెట్‌వర్క్ తీగ మాత్రమే దింపాను. చుట్టూ సెల్ టవర్లు ఉంటే ఒక ఫిల్టరు కూడా తప్పదు. 900 మెగాహెర్ట్జ్ జోరుకు ఈ చిన్న చిప్ చెవులు మూసుకుపోతాయి.

పట్టుకున్నాక తెర మీద వరసగా అంకెలు, అక్షరాలు దొర్లుతుంటాయి. ఒక్కో సందేశం 112 బిట్లు, గాలిలో దాని ఆయుష్షు 120 మైక్రోసెకన్లు. అందులో ఆ విమానానికి మాత్రమే చెందిన 24 బిట్ల చిరునామా ఉంటుంది. అది 80తో మొదలైతే మన దేశంలో నమోదైన విమానమని చూడగానే పోల్చుకోవచ్చు. స్థానం పూర్తిగా ఒక్క సందేశంలో పట్టదు. సరి ఫ్రేము, బేసి ఫ్రేము అని రెండు రకాలుగా వస్తుంది. రెండూ దగ్గర దగ్గరగా అందితేనే అక్షాంశ రేఖాంశాలు విప్పగలం. ఒక ఫ్రేము వచ్చి రెండోది రాకపోతే ఎత్తు తెలిసినా చోటు తెలియని విమానం ఒకటి పట్టికలో ఊరికే నిలబడి ఉంటుంది.

మేడ మీద దాన్ని చూసి మా అసోసియేషన్ కార్యదర్శి, "ఇది సెల్ టవర్ లాంటిదా బాబూ? కింద పిల్లలున్నారు" అన్నారు. ఇది ఏమీ పంపదు, వినడమే చేస్తుందండీ, మీ ఇంట్లో రేడియో లాగానే అని చెప్పాను. ఆయన నమ్మలేదు. ఫోనులో పటం తీసి, మా నెత్తి మీదుగా వెళ్తున్న విమానాన్ని వేలితో చూపించి, అదే క్షణంలో పైకి చూడమన్నాక శాంతించారు. ఆ తర్వాత వాళ్ల అమ్మాయి దుబాయి నుంచి వస్తున్న రోజున ఆయనే వచ్చి తలుపు తట్టారు.

గన్నవరం విమానం ఎక్కడ మాయమవుతుంది

ఈ తరంగాలు భూమి వంపును దాటలేవు. 35 వేల అడుగుల ఎత్తున వెళ్లే విమానం, మధ్యలో కొండలు అడ్డం రాకపోతే, 400 కిలోమీటర్ల దూరం నుంచి కూడా వినిపిస్తుంది. హైదరాబాద్‌లో కూర్చుని బంగాళాఖాతం అంచు దాకా చూడవచ్చు. అది చూసి మొదట్లో ఎవరైనా పొంగిపోతారు. కానీ విజయవాడకు దిగే విమానాన్ని గమనించండి. గన్నవరం ఇక్కడికి సుమారు 250 కిలోమీటర్లు. దిగుతూ దిగుతూ పది వేల అడుగుల దరిదాపుల్లోకి రాగానే నా పటంలో అది ఆగిపోతుంది. పాడై కాదు, ఆ తర్వాత నాకూ దానికీ మధ్య భూమి ఉంది. రాజమహేంద్రవరం, రేణిగుంట అయితే అంతకన్నా ముందే.

ఇప్పుడు ఇటు నుంచి ఆలోచించండి. 35 వేల అడుగుల మీద విమానాన్ని చూసేవాళ్లు వందల మంది ఉంటారు. అక్కడ దానికి సాధారణంగా ఏమీ కాదు. ప్రమాదాల్లో ఎక్కువ భాగం నేలకు దగ్గరగానే, ఎగిరేటప్పుడో దిగేటప్పుడో జరుగుతాయి. అక్కడే దాన్ని వినే చెవులు తక్కువ. చిన్న ఊళ్లలో రిసీవర్లు ఎందుకు కావాలి అని అడిగినవాళ్లకు నేను చెప్పే మొదటి జవాబు ఇదే.

దీనికి నిదర్శనం 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో చూశాం. ఎయిరిండియా 171 కూలిన కొద్దిసేపటికే, ఇలాంటి రిసీవర్ల సమాచారంతో విమానాలను పటంలో చూపే ఫ్లైట్‌రాడార్24 సంస్థ తనకు అందిన చివరి సంకేతాన్ని బయటపెట్టింది. ఎత్తు 625 అడుగులు. ఆ అంకె అన్ని టీవీల్లో మోగిపోయింది. అది నేల నుంచి కొలిచిన ఎత్తు కాదు. ప్రామాణిక వాయుపీడనం లెక్కన వచ్చిన అంకె. పైగా ఆ విమానాశ్రయమే సముద్ర మట్టానికి సుమారు 200 అడుగుల ఎత్తున ఉంది. అంటే విమానం జనం అనుకున్నంత పైకి లేవనే లేదు. అంతకన్నా పెద్ద పొరపాటు ఇంకొకటి. నేల మీద ఉండగా విమానం పంపిన సంకేతాలు కొన్ని అందలేదు. అందిన చుక్కలను కలిపి గీత గీస్తే, విమానం రన్‌వే మధ్యలో నుంచే పరుగు మొదలుపెట్టినట్టు కనిపించింది. ఇంకేముంది, సగం రన్‌వేతోనే ఎగిరారని, పైలట్ల నిర్లక్ష్యమని రాత్రికల్లా తీర్పులు వచ్చేశాయి. తర్వాత అదే సంస్థ తన దగ్గరున్న మరింత సూక్ష్మమైన సమాచారాన్ని జల్లెడ పట్టి, విమానం రన్‌వే చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగి 23వ రన్‌వే పూర్తి పొడవూ వాడుకుందని చెప్పింది. ఈ సవరణను మొదటి వార్త విన్నవాళ్లలో ఎంతమంది విన్నారు?

నా మిత్రుడు ఒకడు దీన్నే చూపించి, "మీలాంటి వాళ్ల వల్లే పుకార్లు పుడతాయి, ఈ పని దర్యాప్తు సంస్థకు వదిలేయండి" అన్నాడు. అతని కోపంలో న్యాయం ఉంది. చనిపోయిన పైలట్ మీద నింద వేయడానికి ఒక ఖాళీ గీత చాలింది కదా. కానీ ఆ ఖాళీ ఎందుకు వచ్చింది? సంకేతాలు పట్టుకున్నందువల్ల కాదు, పట్టుకునేవాళ్లు చాలినంత మంది లేనందువల్ల. నేల మీది సంకేతాలు కూడా మొదటే అందే చోట్ల ఇంకో నాలుగు యాంటెన్నాలు ఉండి ఉంటే ఆ పుకారు ఆ పూటే ఆగిపోయేది. అరకొర సాక్ష్యం ప్రమాదకరమైనప్పుడు సాక్ష్యాన్ని పూర్తి చేయడమే మందు.

నల్లమల గుర్తుకు రాక మానదు. 2009 సెప్టెంబరు 2న ఉదయం బేగంపేట నుంచి చిత్తూరుకు బయలుదేరిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ఆచూకీ తెలియడానికి మర్నాటి దాకా పట్టింది. ఆ రాత్రి రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చున్నది. ఈ పద్ధతి అప్పుడు ఉంటే వెంటనే దొరికేదని నేను అనను. ఆ వానలో, ఆ కొండల మధ్య, అంత తక్కువ ఎత్తున వెళ్లే హెలికాప్టర్ దూరాన ఉన్న యాంటెన్నాకు అందదు. నా మాట కూడా అదే కదా. ఆత్మకూరులోనో శ్రీశైలంలోనో ఉన్న యాంటెన్నాకు చివరిసారి ఎక్కడ వినిపించిందో తెలిస్తే, వెతకాల్సిన అడవి ఎంతో కొంత తగ్గుతుంది.

విమానమే మోసపోతే

ఏడీఎస్-బీలో ఒక మౌలికమైన బలహీనత ఉంది. విమానం తన స్థానాన్ని తన జీపీఎస్ నుంచే తీసుకుని చెబుతుంది. ఆ జీపీఎస్‌ను ఎవరైనా నేల మీద నుంచి మోసగిస్తే, విమానం నిజాయతీగానే అబద్ధం చెబుతుంది. సంకేతానికి సంతకం లేదు, తాళం లేదు. నకిలీ విమానాన్ని సృష్టించి పంపవచ్చని కూడా 2012లోనే భద్రతా పరిశోధకులు బహిరంగంగా చూపించారు.

జీపీఎస్‌ను నొక్కేయడం, అంటే అసలు సంకేతం అందకుండా చేయడం ఒకటి, తప్పుడు సంకేతంతో మోసగించడం ఇంకొకటి. నొక్కేస్తే పట్టుకోవడం తేలిక. తన స్థానం మీద తనకు ఎంత నమ్మకం ఉందో కూడా విమానం తన సందేశాల్లో చెబుతుంది. ఆ నమ్మకం ఒకే ప్రాంతంలో చాలా విమానాలకు ఒకేసారి పడిపోతే అక్కడ ఏదో జరుగుతున్నట్టే. జీపీఎస్‌జామ్ అనే పటం ఔత్సాహికులు పంపిన సమాచారంతో ప్రతిరోజూ చేసేది ఇదే. 2024 డిసెంబరు 25న అజర్‌బైజాన్ ఎయిర్‌లైన్స్ విమానం కజఖ్‌స్థాన్‌లోని అక్తావు దగ్గర కూలినప్పుడు, రష్యా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ మొదట పక్షి తగిలిందన్నది. రష్యాలోని గ్రోజ్నీ దగ్గర ఆ విమానం సంకేతాలు తెగిపోవడం, కాస్పియన్ సముద్రం మీద మళ్లీ కనిపించడం, పైకీ కిందికీ ఊగిసలాడడం అప్పటికే ప్రపంచమంతా చూసింది. పక్షి కథ ఆ గీతల ముందు నిలబడలేదు. 2025 అక్టోబరులో పుతిన్ తమ గగనతల రక్షణ క్షిపణులు ఆ విమానానికి దగ్గరలో పేలాయని స్వయంగా ఒప్పుకున్నారు.

మోసగింపును పట్టుకోవాలంటే ఒక్క రిసీవర్‌తో పని జరగదు. రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. ఒకే సందేశం నాలుగు వేర్వేరు చోట్లకు ఏయే సమయానికి చేరిందో చూస్తే, అందులో ఏమి రాసి ఉన్నా సరే, అది బయలుదేరిన చోటు లెక్క కట్టవచ్చు. విమానం "నేను ఇక్కడ ఉన్నాను" అంటుంది, నలుగురి గడియారాలు "కాదు, అక్కడ ఉన్నావు" అంటాయి. ఇది కూడా సర్వరోగ నివారిణి కాదు. మన చవక రిసీవర్లు తమ గడియారాలను సరిచూసుకునేది ఇతర విమానాలు చెప్పే స్థానాలను బట్టే. చుట్టూ ఉన్నవన్నీ మోసపోతే ఆ కొలబద్దే వంకరపోతుంది. అప్పుడు మోసం తగలని దూరపు విమానాలను కూడా వినగల రిసీవర్లు కావాలి. ఎటు తిప్పి చూసినా జవాబు ఒకటే. ఎక్కువ మంది కావాలి, దూరం దూరంగా కావాలి.

పై అంతస్తు పెద్దాయన మాట

2025 మే నెలలో పాకిస్థాన్‌తో ఘర్షణ జరుగుతుండగా ఉత్తర, పశ్చిమ భారతంలో 32 విమానాశ్రయాలు మూసివేశారు. దేశం పటంలో ఆ మూల ఖాళీ అయిపోవడం అందరూ ఫోన్లలో చూశారు. మా పై అంతస్తులో వైమానిక దళంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉంటారు. ఆ రోజుల్లో మేడ మీద కలిసినప్పుడు ఆయన నా యాంటెన్నా వైపు చూస్తూ, "నువ్వు వినడం తప్పు కాదు బాబూ. విన్నది దేశం బయట సర్వర్‌లో పెడుతున్నావు, అక్కడ ఆలోచించాలి" అన్నారు.

"మీ విమానాలు కావాలనుకుంటే ఈ సంకేతం ఆపేస్తాయి కదండీ?" అన్నాను.

"మేము ఆపేస్తాం. పక్కన వెళ్లే ప్రయాణికుల విమానం ఆపదు. దాన్ని ఉన్నట్టుండి దారి మళ్లించారంటే, అటు ఏదో ఉందని చూసేవాడికి తెలిసిపోతుంది."

ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. గాలిలోకి బాహాటంగా వదిలిన సంకేతాన్ని శత్రువు కూడా నాలుగు వేల రూపాయల పుల్లతో వినగలడని మనం తరచూ అంటాం. నిజమే, కానీ శత్రువుకు మన ప్రతి ఊళ్లో మేడ లేదు. ఆ మేడలను మనం కలిపి ఇస్తున్నాం. అందుకే యుద్ధ సమయంలో ఫలానా ప్రాంతాల సమాచారం ఇన్ని గంటలు ఆలస్యంగా పంపండని ప్రభుత్వం ఒక నియమం పెడితే నేను మొదటి రోజు నుంచే పాటిస్తాను. నా వాదన మామూలు రోజుల గురించి. మామూలు రోజుల్లో భద్రత పేరు చెప్పి మొత్తం ఆపేయడాన్ని మాత్రం ఒప్పుకోను. 2021లో చైనా అలాగే ఔత్సాహికుల రిసీవర్లను జప్తు చేసింది. మనది ఆ దారి కాకూడదు.

మనకు కావలసింది స్పష్టత. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధించిన 1933 నాటి చట్టం వినే రేడియోలనూ వదల్లేదు. దాని స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం తెచ్చారు. వినడమే తప్ప పంపడం రాని పరికరం గురించి ఒక్క వాక్యం సూటిగా రాస్తే చాలు. మా నాన్నగారు ఏటా పోస్టాఫీసుకు వెళ్లి రేడియో లైసెన్సు కట్టేవారు. ఆ చిన్న పుస్తకం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఇంట్లో పాటలు వినడానికి లైసెన్సు ఎందుకని 1980లలో ప్రభుత్వమే దాన్ని ఎత్తేసింది. నియమాలకు లోబడిన ఔత్సాహికులు దేశానికి ఎలా అక్కరకొస్తారో కూడా మనకు తెలుసు. 1983లో మొదలైన హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతి ప్రసాద్ 2004 డిసెంబరులో అనుమతి తీసుకుని అండమాన్‌లో హామ్ రేడియో, అంటే ఔత్సాహికులు లైసెన్సుతో నడిపే రేడియో, నడుపుతున్నారు. అంతలో సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయిన పోర్ట్‌బ్లెయిర్ నుంచి క్షేమ సమాచారాలు మోసింది ఆ రేడియోనే.

విన్నది ఎవరి సొత్తు

చాలామంది రిసీవర్ పెట్టి ఒక పెద్ద సంస్థకు సమాచారం ఇస్తారు. బదులుగా ఆ సంస్థ ఖరీదైన ఖాతా ఉచితంగా ఇస్తుంది. నేనూ ఇస్తున్నాను, అందులో తప్పు లేదు. అక్కడితో ఆగిపోవడమే నాకు నచ్చదు. ఏ విమానాన్నీ దాచకుండా పటంలో చూపిస్తుందని పేరు తెచ్చుకున్న ఏడీఎస్-బీ ఎక్స్ఛేంజ్ అనే వేదికను 2023 జనవరిలో జెట్‌నెట్ అనే వ్యాపార సంస్థ కొనేసింది. ఏళ్ల తరబడి తమ కరెంటు, తమ ఇంటర్నెట్ ఖర్చుపెట్టి సమాచారం పంపినవాళ్లకు ఆ సంగతి తెలిసింది అమ్మకం అయిపోయాకే. చాలామంది అలిగి వెళ్లి వేరే సమష్టి వేదికలు పెట్టుకున్నారు. అందుకే పరిశోధకుల కోసం నడిచే ఓపెన్‌స్కై లాంటి చోటికి కూడా పంపమని అడిగిన ప్రతివారికీ చెబుతున్నాను. రాస్ప్‌బెర్రీ పై ఒకేసారి నాలుగైదు చోట్లకు పంపగలదు, అదనపు ఖర్చు ఏమీ లేదు.

వ్యక్తుల ఏకాంతం సంగతి కూడా ఉంది. ఇలాన్ మస్క్ విమానం కదలికలను చూపించిన ఖాతాను 2022 డిసెంబరులో ట్విట్టర్ నిలిపివేసినప్పుడు నేను ఎవరి పక్షం వహించాలో కొంతకాలం తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు నా లెక్క ఇది. ఆకాశం అందరిదీ, అందులో తిరిగే యంత్రం ఎక్కడుందో తెలుసుకోవడం తప్పు కాదు. అందులో ఉన్న మనిషి వెంట పడడం తప్పు. నేను ఏ ఒక్క విమానానికీ హెచ్చరిక పెట్టుకోను, ఎవరి ప్రయాణాన్నీ బయట రాయను. అసోసియేషన్ కార్యదర్శి గారి అమ్మాయి వచ్చే విమానం ఆయన అడిగితే చూపించాను, ఇంకెవరైనా అడిగి ఉంటే చూపించేవాడిని కాదు.

ఇక అసలు పని. గన్నవరం, మధురపూడి, రేణిగుంట, ఓర్వకల్లు, కడప విమానాశ్రయాలకు ఓ ఇరవై ముప్పై కిలోమీటర్ల లోపు ఇల్లు ఉండి, మేడ మీద చోటు, ఆగకుండా ఇంటర్నెట్ ఉన్నవాళ్లు ఎవరైనా ముందుకు వస్తే యాంటెన్నా నేనే చేసి పంపుతాను. పుల్లకు మూడు నాలుగు వేల రూపాయలు, రాస్ప్‌బెర్రీ పై ఖర్చు వేరు. పాతదైనా పనికొస్తుంది. ఒకే ఊళ్లో ముగ్గురు ఉంటే పక్కపక్క వీధుల్లో కాకుండా ఊరికి మూడు దిక్కుల్లో పెట్టండి. పెట్టిన వారానికి, మీ విమానాశ్రయంలో దిగే విమానం రన్‌వే మీద చక్రాలు ఆనే దాకా పటంలో కనిపిస్తోందో లేదో చూసి నాకు రాయండి. ఎక్కడ తెగిపోతోందో చెబితే, యాంటెన్నా ఎటు జరపాలో, ఇంకో రిసీవర్ ఏ వైపు కావాలో కలిసి తేలుద్దాం.